నేరోగేజి బల్ల: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

లాలాగూడ క్యారేజి వర్క్‌షాపులో వడ్రంగిగా ముప్పై మూడేళ్లు పనిచేశాను. ఇప్పుడు మెట్టుగూడలో మా ఇంటి వెనక గదిలో నౌపడ–గుణుపురం చిన్న రైలు (పట్టాల మధ్య ఎడం తక్కువగా ఉండే నేరోగేజి) నమూనాను ఒక బల్ల మీద నలభై ఎనిమిదో వంతు కొలతలో కడుతున్నాను. గత సంచికలో ఆ బల్ల ఫొటోలు అచ్చయ్యాక చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సందేహాన్ని నలుగురు అడిగినచోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాను.

ప్రశ్న: మల్కాజిగిరిలో రెండు పడకగదుల ఫ్లాటు మాది. హాల్లో గోడవారగా ఆరడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు చోటు దొరికింది. నేరోగేజి బండి కట్టాలని ఉంది. ఊటీ బండితో మొదలుపెడదామనుకున్నాను. కానీ హెచ్‌ఓ, ఎన్, ఓఎన్30, డబుల్‌ఓ నైన్ అనే పేర్లు చూసి ఏది ఎంచుకోవాలో తోచడం లేదు.

జవాబు: ముందు ఊటీ బండి సంగతి. చిన్నగా కనిపిస్తుంది కాబట్టి చాలామంది దాన్ని నేరోగేజి అనుకుంటారు. నీలగిరి రైలు మీటరు గేజి. దాని పట్టాల మధ్య ఎడం 1000 మి.మీ. మన దేశంలో నేరోగేజి అంటే రెండు కొలతలు: రెండున్నర అడుగులది, అంటే 762 మి.మీ.; రెండడుగులది, అంటే 610 మి.మీ. కాల్కా–సిమ్లా మొదటి రకం. డార్జిలింగ్, మాథేరాన్ రెండో రకం. సికింద్రాబాద్ స్టేషన్లో మీరు చూసే బ్రాడ్‌గేజి 1676 మి.మీ.

ఇక పేర్లు. వాటిలో రెండు వేర్వేరు కొలతలు ముడిపడి ఉన్నాయి, చిక్కంతా అక్కడే. స్కేలు అంటే అసలు బండిని ఎన్నో వంతుకు తగ్గించామన్నది. గేజి అంటే పట్టాల మధ్య ఎడం. హెచ్‌ఓ స్కేలు 87వ వంతు, దాని పట్టాల ఎడం 16.5 మి.మీ. రెంటినీ గుణిస్తే 1435 వస్తుంది. అది యూరప్, అమెరికాల్లో వాడే ప్రామాణిక గేజి. ఇప్పుడు అదే 16.5 మి.మీ. పట్టాల మీద 48వ వంతు డొక్కున్న బండిని నిలబెట్టండి. 16.5ను 48తో గుణిస్తే 792. మన 762కు తేడా 30 మి.మీ. ఆ తేడా బల్ల మీద అర మిల్లీమీటరు దాటి కొంచెం, అంతే. కంటికి ఆనదు. ఓఎన్30 అంటే ఇదే. ‘ఓ’ అనే పేరున్న 48వ వంతు స్కేలు బండి, ముప్పై అంగుళాల నేరోగేజి. ఇలాగే ఎన్ స్కేలు వారి 9 మి.మీ. పట్టా తీసుకుని దాని మీద 87వ వంతు బండిని నిలిపితే 783 అవుతుంది, దానికి హెచ్‌ఓఈ అని పేరు. బ్రిటన్‌లో వాడే 76వ వంతు బండిని నిలిపితే డబుల్‌ఓ నైన్. బజారులో సిద్ధంగా దొరికే మోటార్లు, చక్రాలు, పట్టాలు వాడుకోవడానికి వెనకటివారు కనిపెట్టిన ఉపాయమిది. నాకెంతో ఇష్టమైన ఉపాయం కూడా.

మీ అడుగున్నర వెడల్పులో బండి గుండ్రంగా తిరగదు. 9 మి.మీ. పట్టాల్లో మామూలుగా దొరికే బిగువైన వంపు వ్యాసార్థం 228 మి.మీ. దాన్ని రెట్టింపు చేస్తేనే పద్దెనిమిది అంగుళాలు అయిపోతాయి, అంచున వేలు పట్టే చోటు కూడా మిగలదు. గుండ్రంగా తిరగాలంటే రెండడుగుల వెడల్పు కావాలి. అంత చోటు లేదని దిగులుపడకండి. ఈ కొలతకు సరిపోయేది ఒక చివరి స్టేషన్. బండి వస్తుంది, ఇంజన్ విడిపోయి పక్క పట్టా మీదుగా అటువైపుకు పోతుంది, వ్యాగన్లను గోదాము దగ్గరకు నెడుతుంది, మళ్లీ జతపడి బయలుదేరుతుంది. ఒక చివర అడ్డుచెక్క పెట్టి దాని వెనక అడుగున్నర పట్టా దాచితే అదే బయటి ప్రపంచం. నా సలహా ఓఎన్30. ముప్పై అడుగుల పెట్టె మీ బల్ల మీద ఏడున్నర అంగుళాలు ఉంటుంది. నిలబడ్డ మనిషి 35 మి.మీ. ఆ పరిమాణంలో తలుపు గడియ కూడా చేత్తో చేసుకోవచ్చు.

పట్టా కొనేముందు ఒక పని ఉంది. ఏ ఊరు కడతారో తేల్చుకోండి. మాది టెక్కలి పక్క పల్లె. నౌపడలో హౌరా–మద్రాసు పెద్ద లైను పక్కనే చిన్న లైను మొదలయ్యేది. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను అది. 1900లో పర్లాకిమిడి వరకు, 1931లో గుణుపురం వరకు వెళ్లింది, మొత్తం 90 కి.మీ. 2004లో ఆపి, బ్రాడ్‌గేజిగా మార్చి, 2011లో తిరిగి తెరిచారు. మా అమ్మమ్మ పాతపట్నంలో నీలమణి దుర్గ గుడికి ఆ బండిలోనే తీసుకెళ్లేది. నౌపడ ఉప్పు మడుల తెలుపు, ఎండలో మెరిసే ఆ కుప్పలు, బండి టెక్కలి దాటాక మారే నేల రంగు నాకు ఇప్పటికీ కళ్లకు కడతాయి. అందుకే నా బల్ల మీద గోదాము ముందు ఉప్పు బస్తాలే ఉన్నాయి, బొగ్గు లేదు. ఊరు తేలితే సరుకు తేలుతుంది. సరుకును బట్టి వ్యాగన్లు, వాటి పొడవును బట్టి పక్క పట్టా పొడవు తేలతాయి. ఊరు తేలకుండా కొన్న సామాను అలమారలోనే ఉండిపోతుంది.

ప్రశ్న: తాతగారూ, నేను నల్లకుంటలో ఎనిమిదో తరగతి చదువుతున్నాను. నా దగ్గర 9 మి.మీ. పట్టాల చిన్న ఇంజన్, మూడు పెట్టెలు ఉన్నాయి. నాలుగడుగుల బల్ల మీద పుస్తకాలు పేర్చి డార్జిలింగ్‌లాగా కొండ కట్టాను. రెండడుగుల దూరంలో మూడంగుళాలు ఎక్కాలి. చక్రాలు తిరుగుతున్నాయి కానీ బండి కదలడం లేదు.

జవాబు: తల్లీ, తప్పు నీ ఇంజన్‌లో లేదు. ఇరవై నాలుగు అంగుళాలకు మూడు అంటే ఎనిమిదికి ఒకటి వాలు. ఊటీ బండి ఎక్కే నిటారు వాలు సుమారు పన్నెండుకు ఒకటి. అంత వాలుకే కళ్లారు నుంచి కూనూరు దాకా పట్టాల మధ్య పళ్ల కడ్డీ వేశారు, ఇంజన్ కిందనున్న పళ్ల చక్రం దానిలో పట్టుకుని ఎక్కుతుంది. నువ్వు దానికంటే నిటారుగా, పళ్లు లేకుండా ఎక్కమంటున్నావు.

డార్జిలింగ్ లైను 1881లో తెరిచారు, దానికి పళ్ల కడ్డీ లేదు. కొండకు వంపు తిప్పే చోటు లేనిచోట వాళ్లు ఒక యుక్తి చేశారు. బండి ముందుకు ఎక్కి ఆగుతుంది. పాయింట్లు, అంటే బండిని ఒక పట్టా నుంచి మరో పట్టాకు మళ్లించే కదిలే పట్టా ముక్కలు, మారుస్తారు. ఇంజన్ ఇప్పుడు పెట్టెలను నెడుతూ వెనక్కి ఎక్కుతుంది. మళ్లీ ఆగి, ముందుకు. ఆంగ్ల అక్షరం జెడ్‌లా ఉంటుంది ఆ దారి. నీ బల్ల మీద ఇదే చెయ్యి. మీటరు పొడవున పట్టా వేసి ఇరవై అయిదుకు ఒకటి చొప్పున ఎక్కిస్తే నాలుగు సెంటీమీటర్లు లేస్తుంది. అక్కడ పాయింట్లు పెట్టి, వెనక్కి మరో మీటరు వెయ్యి. మొత్తం ఎనిమిది సెంటీమీటర్లు, అంటే నీకు కావలసిన మూడంగుళాలు వచ్చేశాయి. మలుపు దగ్గర ఇంజన్, పెట్టెలు నిలిచేంత చదును పట్టా ఉండాలి. నాలుగడుగుల బల్లలో నీకు మిగిలేది ఇరవై సెంటీమీటర్ల పైచిలుకు, కాబట్టి మూడో పెట్టెను కింద స్టేషన్లో ఉంచు. చదును నుంచి వాలులోకి మారేచోట పట్టా విరిగినట్టు ఉండకూడదు, మెల్లగా లేవాలి.

కొండకు పుస్తకాలు పేర్చానని రాశావు, వాటిని తీసి చదువుకో. థర్మోకోల్ ముక్కలు అడ్డంగా నిలబెట్టి, పైన పాత పేపరు మైదా జిగురుతో రెండు పొరలు అంటించు. ఆరాక కొండపల్లి బొమ్మల పనివారు వాడే మక్కు పల్చగా పూయి. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద అది. ఆరితే గట్టిపడుతుంది, ఆకురాయితో రుద్దితే రాతి గరుకు వస్తుంది. పురుగు పట్టకుండా మైలుతుత్తం కొంచెం కలుపుతారు, అది విషం కాబట్టి ఆ పని మీ నాన్నగారు చెయ్యాలి. చెట్లకు ఎండిన బీరపీచు, తులసి కంకులు చాలు.

ప్రశ్న: మియాపూర్ నుంచి రాస్తున్నాను. మిత్రుడి దగ్గర త్రీడీ ప్రింటర్‌లో నేరోగేజి పెట్టెలు నాలుగు చేయించాను. మే నెలలో ఆఫీసు బయట కారులో మూడు గంటలు ఉంచితే అన్నీ వంకరపోయాయి. ప్లాస్టిక్ నాసిరకమా?

జవాబు: నాసిరకం కాదు. మీరు వాడింది పీఎల్‌ఏ అయి ఉంటుంది. అది 60 డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి మెత్తబడుతుంది. మన వేసవిలో ఎండలో నిలిపిన మూసిన కారు లోపల అంత వేడి చేరుతుంది. ఏబీఎస్‌తో చేయిస్తే 100 డిగ్రీల దాకా భయం లేదు. పెంట్‌హౌసులో, రేకుల కప్పు కింద బల్ల పెట్టుకున్నవారు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. నేనైతే పెట్టెలకు పొణికి చెక్క వాడతాను. నిర్మల్ బొమ్మలకు, కొండపల్లి బొమ్మలకు వాడే చెక్క అదే. తేలిక, మెత్తన, ఉలికి వెన్నలా లొంగుతుంది. ఒకటిన్నర మి.మీ. పలకలుగా చిత్రిక పట్టి గీతలు గీస్తే పాత పెట్టెల చెక్క పలకలు అచ్చంగా కనిపిస్తాయి.

ప్రశ్న: కూకట్‌పల్లి నుంచి. నా దగ్గర పాత హెచ్‌ఓ షంటింగ్ ఇంజన్ ఉంది. పైడొక్కు పగిలింది, ఆరు చక్రాలు, మోటారు బాగున్నాయి. దీని మీద కాల్కా–సిమ్లా డీజిల్ ఇంజన్ డొక్కు కట్టవచ్చా?

జవాబు: కట్టవద్దు. కాల్కా–సిమ్లా జెడ్‌డీఎం–3 ఇంజన్‌కు రెండు బోగీలు (పెట్టెలు కాదు, డొక్కు కింద విడిగా తిరిగే చక్రాల చట్రాలు), ఒక్కో బోగీకి రెండు ఇరుసులు. మీ దగ్గరున్నది ఒకే చట్రంలో బిగించిన ఆరు చక్రాలు. డొక్కు ఎంత బాగా కుదిరినా కింద చూడగానే అబద్ధం తెలిసిపోతుంది. ఆ చట్రానికి న్యాయం జరగాలంటే చక్కెర మిల్లులోనో గనిలోనో తిరిగే చిన్న డీజిల్ ఇంజన్ కట్టండి. అలాంటివి ఒక్కో మిల్లుకు ఒక్కో తీరున ఉండేవి, కాబట్టి మీ ఊహకు చోటుంది.

ముందు అట్టతో కట్టండి. అట్ట డొక్కును చట్రం మీద పెట్టి, పక్కన 35 మి.మీ. ఎత్తున మనిషి బొమ్మను కత్తిరించి నిలబెట్టండి. ఆరడుగుల తలుపు 38 మి.మీ. వస్తుంది. ఈ రెండూ సరిపోకపోతే మిగతా కొలతలు ఎంత సరిగ్గా ఉన్నా బండి ఏ స్కేలుదో కంటికి అందదు. నేను మొదటి ఇంజన్ కట్టినప్పుడు అట్ట పని వద్దనుకుని నేరుగా ఇత్తడి రేకు కోశాను. క్యాబ్ కిటికీ మనిషి నడుము దగ్గరకు వచ్చింది. నెల రోజుల పని విప్పి మళ్లీ చేశాను. అప్పటి నుంచి నా గదిలో అట్ట లేనిదే రేకు బయటకు రాదు.

వెడల్పు విషయంలో భయపడకండి. బ్రాడ్‌గేజి పెట్టె వెడల్పు సుమారు 3.25 మీటర్లు, అంటే పట్టాల ఎడానికి రెట్టింపు కంటే కొంచెం తక్కువ. నేరోగేజిలో పెట్టె వెడల్పు పట్టాల ఎడానికి రెండున్నర రెట్లు దాటవచ్చు. పట్టాల మీద నుంచి రెండు పక్కలకూ పొంగినట్టు కూర్చుంటేనే అది చిన్న బండి. చాలామంది బండి పడిపోతుందేమోనని డొక్కును సన్నగా చేస్తారు, అందం అక్కడే పోతుంది. పడిపోకుండా ఉండాలంటే బరువు కిందికి దించండి. సీసం ముక్కలను ఇరుసుల మధ్య, చట్రానికి ఆనుకుని అతికించండి. ఇంజన్ లాగే శక్తి దాని బరువులో నాలుగో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి బరువు వృథా కాదు.

తాకిడిని ఆపే పక్క బఫర్లు కోసేసి, పెట్టెను తగిలించే మధ్య కప్లింగ్ ఒక్కటే ఉంచండి. అన్ని బండ్లకూ కప్లింగ్ ఎత్తు ఒకటే ఉండేలా ఒక చెక్కముక్క మీద గుర్తు గీసి పెట్టుకోండి. రివిట్లు కావాలంటే పల్చని రేకును మెత్తని చెక్క మీద బోర్లించి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో వెనక నుంచి నొక్కుకుంటూ పోండి. రంగు మెరవకూడదు, మెరుపు ఆటబొమ్మకు. అసలు రంగు కంటే ఒక పిసరు లేతగా కలపండి, గది వెలుతురులో ముదురు రంగు మరీ నల్లగా కనిపిస్తుంది. ఆకురాళ్లు, స్క్రూలు రాణిగంజ్‌లో, స్విచ్చులు, రాగి పూత బోర్డు, టంకం సామాను కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. నేను వెళ్లేది అక్కడికే.

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్ నుంచి. ఇంజన్ పాయింట్ల మీదకు రాగానే ఆగిపోతోంది. వేలితో తడితే కదులుతుంది. వానాకాలంలో మరీ ఎక్కువ. గరుకు కాగితంతో పట్టాలు రుద్దుతున్నాను, లాభం లేదు.

జవాబు: గరుకు కాగితం ఈరోజే పక్కన పడేయండి. అది పట్టా మీద సన్నని చాళ్లు గీస్తుంది, మురికి ఆ చాళ్లలో దాక్కుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన గుడ్డతో పట్టాలు తుడవండి, ఇంజన్ చక్రాలు కూడా.

అసలు కారణం మరొకటి కావచ్చు. పాయింట్ల మధ్య రెండు పట్టాలు దాటుకునే ముక్కను ఫ్రాగ్ అంటాం. చాలా పాయింట్లలో అది ప్లాస్టిక్, దానిలో కరెంటు ఉండదు. పొడవైన ఇంజన్‌కు మిగతా చక్రాల నుంచి కరెంటు అందుతుంది. నేరోగేజి ఇంజన్ ఇరుసులు దగ్గరదగ్గరగా ఉంటాయి, ఆ కాస్త దూరమే దానికి అగాధం. లోహపు ఫ్రాగ్ ఉన్న పాయింట్లు తీసుకుని, పాయింటు మారినప్పుడల్లా ఫ్రాగ్‌కు సరైన పట్టా కరెంటు అందేలా స్విచ్చు కలపండి. పట్టాల అతుకులను నమ్మకండి. ప్రతి మీటరుకూ కింద నుంచి తీగ తెచ్చి టంకం వేయండి. ఇదంతా 12 వోల్టుల వైపు పని. గోడ ప్లగ్గు వైపు 230 వోల్టుల జోలికి పోకుండా మూసి ఉన్న అడాప్టర్ కొనుక్కోండి.

వానాకాలం సంగతి. పట్టాలు నికెల్ సిల్వర్‌వి. పేరులో వెండి ఉంది కానీ అది రాగి, నికెల్, జింక్ కలిసిన లోహం. ఇరవై డిగ్రీల వేడి మారితే మీటరు పట్టా మూడో వంతు మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుంది. తేమకు ఉబ్బేది, ఎండకు కుంచించుకుపోయేది చెక్క. వడ్రంగిగా చెబుతున్నాను, ప్లైవుడ్‌కు పట్టాలు వేయకముందే పైన, కింద, నాలుగు అంచులకూ వార్నిష్ పట్టించాలి. అంచులు వదిలేస్తే నీరంతా అక్కడి నుంచే తాగుతుంది. మీటరుకొకచోట అతుకు మధ్య సందు వదలండి.

కంకర ఎక్కడిదో కూడా చూసుకోండి. నేను ఒకసారి వాగు ఇసుక టీ జల్లెడతో జల్లించి పట్టాల మధ్య పోశాను. దానిలో నల్లని ఇనుప రేణువులు ఉన్నాయి. మోటారులోని అయస్కాంతం వాటిని లాక్కుంది, వారంలో ఇంజన్ మూలిగి ఆగిపోయింది. ఇప్పుడు మన గ్రానైట్ క్రషర్ పొడి వాడుతున్నాను, అదీ అయస్కాంతం మూడుసార్లు తిప్పాకే. అంటించడానికి ఫెవికాల్‌లో రెండింతలు నీళ్లు, ఒక చుక్క గిన్నెలు తోమే ద్రవం.

ఇవన్నీ అయ్యాక బండిని మెల్లగా నడపండి. గంటకు ఇరవై కిలోమీటర్లు అంటే 48వ వంతులో సెకనుకు పదకొండున్నర సెంటీమీటర్లు. ఆరడుగుల బల్ల దాటడానికి దాదాపు పదహారు సెకన్లు పట్టాలి. గడియారం పెట్టి చూడండి, మనం ఎంత వేగంగా తోలుతున్నామో తెలుస్తుంది.

ప్రశ్న: ఆల్వాల్ నుంచి రాస్తున్నాను. మా నాన్నగారికి 74 ఏళ్లు. ఉద్యోగంలో మొదటి ఏళ్లు నౌపడ–గుణుపురం లైనులో ఫైర్‌మన్‌గా చేశారు. మీ బల్ల ఫొటోలున్న పేజీని నాలుగు రోజులుగా దిండు పక్కనే పెట్టుకున్నారు. చేతులు కొంచెం వణుకుతాయి, చూపు తగ్గింది. ఆయన చేయగల పని ఇందులో ఏమైనా ఉందా?

జవాబు: ఉందమ్మా, చాలా ఉంది. 9 మి.మీ. పట్టాల సామాను మాత్రం కొనకండి, అది ఆయన కళ్లను విసిగిస్తుంది. 48వ వంతే తీసుకోండి. పట్టాల కింద అడ్డంగా వేసే అయిదడుగుల స్లీపరు దిమ్మ ఈ కొలతలో 32 మి.మీ. ఒక గాడి పెట్టెలో పుల్లలు పెట్టి చిన్న రంపంతో కోయడం, వాటికి పల్చని నల్లరంగు పట్టించడం, కంకర జల్లించడం, ఇవన్నీ వణికే చేతులు కూడా చేయగలవు. రంగు వేసేటప్పుడు మణికట్టు కింద చిన్న ఇసుక సంచీ ఆనిస్తే కుంచె నిలుస్తుంది. ఎడమ చేతివైపు నుంచి మంచి దీపం ఉండాలి. టంకం పని మీరు చేయండి. ఆ పనిముట్టు మొన 350 డిగ్రీల దాకా కాలుతుంది.

బండి వేగం మార్చే రెగ్యులేటర్ మాత్రం ఆయన చేతికే ఇవ్వండి. బొగ్గు ఎగదోసిన మనిషికి ఏ వాలు ముందు ఆవిరి కూడబెట్టాలో, స్టేషన్ ఎంత దూరంలో ఉండగా తగ్గించాలో తెలుసు. అది నా వంటి వర్క్‌షాపు మనిషికి రాదు.

ఆయనకు నా తరఫున ఒక పని అప్పగించండి. ఒక పెద్ద కాగితం, లావు పెన్సిలు ఇచ్చి నౌపడ చిన్న లైను యార్డు గీయమనండి. ఇంజన్‌కు నీళ్లు పట్టే గొట్టం ఎటువైపు నిలిచి ఉండేది, బూడిద దులిపే గుంట ఏ పట్టా మీద ఉండేది, బొగ్గు గట్టుకూ షెడ్డుకూ ఎన్ని అడుగులు నడిచేవారు, అన్నీ. గీత వంకరైనా ఫరవాలేదు. పత్రిక చిరునామాకు పంపండి. ఆ కాగితం వచ్చేదాకా నా బల్ల మీద ఆ మూల పట్టాలు అతికించకుండా ఉంచుతాను.